శాలువా కప్పి పంపేస్తే సరిపోతుందా?



ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, ఓపిక చేసుకుని చదవండి. మొదలు ఒక సినిమా గురించే. కానీ చివరికి వచ్చి ఆగేది మన సర్వసభ్య సమావేశం ముందున్న ఒక లెక్క దగ్గర. ఆదివారం పాటల తరగతి నడిపే టీచరమ్మ ఈ ఏడాదితో విరమించుకుంటానన్నారు. ఆమెకు ఉగాది వేదిక మీద ఘనంగా సన్మానం చేయాలని అందరూ ఒప్పుకున్నారు, అందులో తేడా లేదు. తర్వాత తరగతి సంగతేమిటి అంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. "చూద్దాం" అన్నారు. మన సంఘంలో "చూద్దాం" అంటే ఏమిటో పాత సభ్యులకు విడిగా చెప్పక్కర్లేదు.

సినిమా పేరు ‘థండర్ సోల్’. మార్క్ ల్యాండ్స్‌మన్ తీసిన అమెరికన్ డాక్యుమెంటరీ, 2010లో వచ్చింది. నటుడు జేమీ ఫాక్స్ దాని వెనక నిలబడి జనం ముందుకు తెచ్చాడు. టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్ నగరంలో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే ఒక పేటలో కాష్మియర్ హైస్కూల్ అని ఒక బడి ఉంది. ఆ బడి పిల్లల బ్యాండు, దాన్ని తయారుచేసిన సంగీతం మాస్టారు కాన్రాడ్ జాన్సన్, ముప్పై ఏళ్లు దాటాక మళ్లీ కలుసుకున్న పాత విద్యార్థులు: కథ ఇంతే. పిల్లలు ఆయన్ని ‘ప్రాఫ్’ అని పిలిచేవాళ్లు. ప్రొఫెసర్‌కు ముద్దుపేరు.

జాన్సన్ 1915లో టెక్సస్‌లోనే విక్టోరియా అనే ఊళ్లో పుట్టాడు. సాక్సఫోన్ వాయించేవాడు. ఊరూరా తిరిగే పెద్ద బ్యాండ్లలో చేరగల చెయ్యి ఆయనది. కానీ ఇల్లూ సంసారమూ వదిలి రోడ్లమీద బతకడం ఇష్టం లేక బడిపంతులు ఉద్యోగం ఎంచుకున్నాడు. 37 ఏళ్లు పాఠం చెప్పి 1978లో రిటైరయ్యాడు. కాష్మియర్‌లో ఆయన నడిపిన స్టేజ్ బ్యాండు 1969 నుంచి 1977 దాకా 46 పోటీలకు వెళ్లి 42 గెలిచిందని లెక్క. 1972లో అలబామా రాష్ట్రంలోని మొబైల్ నగరంలో జరిగిన జాతీయస్థాయి పోటీలో దేశంలోకెల్లా మేటి బడి బ్యాండు అనిపించుకుంది. ఆ రోజుల్లో అలాంటి పోటీలకు ఎక్కువగా తెల్లవారి బడుల బ్యాండ్లే వచ్చేవి. పేదపేట నుంచి వచ్చిన నల్లపిల్లలు అక్కడ బహుమతి ఎత్తుకుపోవడమంటే సంగీతానికి మించిన సంగతి. తర్వాత ఆ పిల్లలు యూరప్‌కూ జపాన్‌కూ వెళ్లి వాయించి వచ్చారు.

సినిమా చూసినవాళ్లు కళ్లు తుడుచుకుని, "అబ్బ, ఎంత గొప్ప గురువు! అలాంటివాళ్లు ఇప్పుడెక్కడున్నారు?" అంటారు. మేమూ కళ్లు తుడుచుకున్నాం. కానీ "ఇప్పుడెక్కడున్నారు" అనే మాట దగ్గర మాకు అభ్యంతరం ఉంది. గొప్ప గురువు వానలా ఆకాశం నుంచి పడతాడనీ, పడినప్పుడు తడవడం, పడనప్పుడు నిట్టూర్చడం తప్ప మన పని ఏమీ లేదనీ ఆ మాటకు అర్థం. ఈ సినిమా చెప్పేది అది కాదని మా అభిప్రాయం. ఇందులో మన సంఘంలాంటి వాటికి పనికొచ్చే సంగతులు మూడున్నాయి. మూడూ ఎవరైనా చేయగలిగేవే.

మొదటిది. పిల్లలకు ఏ పాట ఇష్టమో అక్కణ్ణుంచే ఆయన మొదలుపెట్టాడు.

అప్పట్లో బడి స్టేజ్ బ్యాండు అంటే ముందు తరంవాళ్లు నాట్యశాలల్లో వాయించిన పాత బాణీలే. జాన్సన్‌కూ అవే వచ్చు, అవే ఇష్టం. 1967లో ఆయన ఓటిస్ రెడ్డింగ్ కచేరీ చూశాడు. రెడ్డింగ్ అంటే అప్పటి నల్లజాతి యువతరం గొంతు. పాట, ఆట, వేషం, ఊపు అన్నీ కలిపి ఆయన వేదికను ఊపేస్తుంటే జనం ఊగిపోవడం చూశాక, మన పిల్లలు మాత్రం బొమ్మల్లా కూర్చుని తాతల కాలం పాటలు ఎందుకు వాయించాలి అనిపించింది జాన్సన్‌కు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. ఆ వయసులో తన అలవాటు మార్చుకుని, పిల్లలు వీధిలో, రేడియోలో వినే ఫంక్ సంగీతాన్ని బడి బ్యాండులోకి తెచ్చాడు. వాయిస్తూ ఆడటం నేర్పాడు. సొంత పాటలు కట్టాడు.

అలాగని సడలింపు ఏమీ ఇవ్వలేదు. శ్రుతి తప్పితే ఊరుకోడు, ఆలస్యంగా వస్తే ఊరుకోడు. సాధన సాధనే. పాట పిల్లలది, క్రమశిక్షణ మాస్టారిది. రెండూ కలిశాయి కాబట్టే ఆ బ్యాండు వాయించింది పిల్లల వాయింపులా వినిపించదు. ఆ రికార్డులు చెవిన పడిన కొత్తవాళ్లు పెద్దవాళ్ల బ్యాండనే అనుకుంటారు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. తమిళనాడులో తెలుగు మాట్లాడేవాళ్లం 2011 జనాభా లెక్కల్లో 42 లక్షలకు పైనే. ఇందులో ఎంతమంది పిల్లలకు తెలుగు అక్షరాలు వచ్చు? 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పదో తరగతి దాకా చేరింది. తమిళం నేర్చుకోవడం తప్పేమీ కాదు. ఈ నేల అన్నం తింటున్నాం, ఈ నేల భాష మన పిల్లలకు రావాల్సిందే. కానీ ఆ వరసలో తెలుగు పక్కకు జరిగింది. మన పిల్లలకు తెలుగు ఇప్పుడు కళ్లకు అందే భాష కాదు, చెవికి అందే భాష. అందుకే పాటల తరగతి మనకు సరదా కాలక్షేపం కాదు. చాలా ఇళ్లలో పిల్ల తెలుగు మాటను పొందికగా నోట పలికేది ఆ ఆదివారం గంటన్నరే.

అలాంటి పిల్ల తరగతికొచ్చి "మా అవ్వ వస్తాండాది" అంటే ముందు బెంచీలో కూర్చున్న పెద్దలు నవ్వుతారు. "వస్తాండాది ఏమిటమ్మా, వస్తోంది అనాలి" అని దిద్దుతారు. ఆ పిల్ల మరుసటి ఆదివారం నోరు విప్పదు. ఆ పై ఆదివారం రాదు. తర్వాత మనం "పిల్లలకు ఆసక్తి లేదండీ" అని మినిట్స్‌లో రాసుకుంటాం. అవ్వ నోటి తెలుగు మూడు నాలుగు వందల ఏళ్లుగా ఇక్కడ నిలిచిన తెలుగు. దాన్ని వెక్కిరించి, టీవీలో వినిపించే తెలుగు నేర్పుతామంటే పిల్లకు రెండూ రాకుండా పోతాయి. ముందు ఆ అవ్వ పాడే లాలిపాట, పెళ్లిపాట, మంగళహారతి నేర్పండి. కీర్తన తర్వాత దానంతట అదే వస్తుంది. జాన్సన్ చేసింది ఇదే. ఇంట్లో ఉన్నదాన్ని చిన్నచూపు చూడలేదు. దాన్నే తీసుకుని సాన పట్టాడు.

రెండోది. ఆయన పిల్లల పాటను రికార్డు చేసి పెట్టాడు.

ఆ బ్యాండు ఎనిమిది ఆల్బమ్‌లు చేసింది. పెద్ద కంపెనీ ఏదీ వచ్చి చేయలేదు, తమకున్న వీలుతో తామే చేసుకున్నారు. అప్పుడు వాటిని కొన్నవాళ్లు తల్లిదండ్రులు, చుట్టాలు, ఊళ్లోవాళ్లు అయ్యుంటారు. ఆ ప్లాస్టిక్ పళ్లాలు పాత సామాన్ల అంగళ్లలో తిరిగి తిరిగి, సంగీతం సేకరించే పిచ్చివాళ్ల చేతికి చిక్కాయి. వాళ్లు విని నిర్ఘాంతపోయారు. 2006లో నౌ ఎగైన్ అనే రికార్డు సంస్థ వాటిలోంచి ఏరి మళ్లీ విడుదల చేసింది. ఈ సినిమా పుట్టడానికి దారి వేసింది కూడా ఆ పాత రికార్డులే. ఆనాడు "బడి పిల్లల పాటకు రికార్డెందుకు, డబ్బు దండగ" అని ఎవరైనా అనుంటే, నలబై రెండు బహుమతుల సంగతి ఆ పేటలో ముసలివాళ్ల కబుర్లకే పరిమితమయ్యేది. వాళ్లతోపాటే పోయేది కూడా.

మన సంఘం దగ్గర గత ఇరవై ఏళ్ల సన్మానాల ఫోటోలు అలమారా నిండా ఉన్నాయి. శాలువా కప్పుతున్న ఫోటో, జ్ఞాపిక ఇస్తున్న ఫోటో, మైకు ముందు ఫోటో. ఆ సన్మానం అందుకున్నవాళ్లు పాడిన ఒక్క పాట అయినా ఉందా? మా ఎరుకలో లేదు. మన ఊళ్లో పెళ్లిపాటలు వరస తప్పకుండా పాడగల పెద్దమ్మలు ఇప్పుడు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్నారు. అందరి జేబుల్లోనూ ఫోను ఉంది. వాళ్ల ఇంటికి వెళ్లి, కాఫీ తాగి, ఒక పూట కూర్చుని రికార్డు చేయడానికి అయ్యే ఖర్చు బస్సు చార్జీ. దీనికి తీర్మానం కూడా అక్కర్లేదు.

మూడోది అసలైనది, చెప్పడానికి కొంచెం చేదుగా ఉండేది. ఆయన వెళ్లాక ఏమైంది?

జాన్సన్ 1978లో రిటైరయ్యాక ఆ బ్యాండు ఆ ఎత్తున నిలవలేదు. బడి ఉంది, గదులున్నాయి, పేట ఉంది, పిల్లలున్నారు. ఆ పాట మాత్రం లేదు. కాష్మియర్ హైస్కూల్ పేరు 2010ల్లో మళ్లీ వార్తలకెక్కింది. అయితే అది రాష్ట్రం పెట్టిన చదువు ప్రమాణాలను ఏళ్ల తరబడి అందుకోలేకపోతున్న బడిగా. దానికి బ్యాండు పోవడమే కారణం అని మేం అనడం లేదు. పేదపేట బడుల కష్టాలకు కారణాలు చాలా ఉంటాయి. కానీ ఒకప్పుడు దేశమంతా తలెత్తి చూసిన బడికి, ఆ గర్వాన్ని ముందు తరానికి అందించే ఏర్పాటు మాత్రం లేకపోయింది. ఒక మనిషి మీద ఆధారపడింది, ఆ మనిషితోనే ఆగింది.

సినిమా ఈ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగదు. దాని మనసంతా 2008 ఫిబ్రవరి మీదే ఉంది. ఆ నెలలో పాత విద్యార్థులు పోగై, తమ మాస్టారు కోసం అదే బడిలో కచేరీ చేశారు. యాభై ఏళ్లు పైబడిన మనుషులు. వాళ్లలో కొందరు ముప్పై ఏళ్లుగా వాయిద్యం ముట్టనివాళ్లు. మొదటి సాధనలో శ్రుతులు ఒకచోట, తాళం ఒకచోట. రోజులు గడిచేకొద్దీ వేళ్లకు పాత జ్ఞాపకం తిరిగొస్తుంది. 92 ఏళ్ల జాన్సన్ ఆ కచేరీ విన్నాడు. కొద్ది రోజుల్లోనే కన్నుమూశాడు. ఏ గురువుకైనా అంతకన్నా ఏం కావాలి, అనిపిస్తుంది.

ఆ దృశ్యం ఎంత గొప్పదైనా, అది ఒక తరం తన గురువుకు చెప్పుకున్న వీడ్కోలు. వాయించినవాళ్లంతా ఆనాటి పిల్లలే. ఈనాటి పిల్లలు ప్రేక్షకుల వైపు ఉన్నారు. అది చూసి ఏడ్చి ఊరుకుంటే, మనం కూడా మంచి వీడ్కోలు సభలు చేయడంలోనే ఆరితేరుతాం. ఇప్పటికే ఆరితేరాం అనుకోండి.

దీనికి ఎదురుగా ఇంకొక ఉదాహరణ మన పక్కనే ఉంది. త్యాగరాజస్వామి తిరువైయారులో, అంటే ఈ తమిళనేల మీద ఉండి, తెలుగులో పాడారు. 1847లో వెళ్లిపోయారు. ఆయన కీర్తనలు ఈరోజు మనదాకా ఎలా వచ్చాయి? ఆయన గొప్పవారు కాబట్టి అంటే అది సగం జవాబే. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యులు ఎవరికి వచ్చినవి వారు రాసిపెట్టుకుని, తమ శిష్యులకు చెప్పి, వారు మళ్లీ తమ శిష్యులకు చెప్పబట్టి వచ్చాయి. ఆ శిష్యుల్లో చాలామంది ఇంటి భాష తెలుగు కాదు. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్‌ది సౌరాష్ట్ర కుటుంబం. ఇక 1920ల్లో ఆ సమాధికి మందిరం కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ, తన సొంత సంపాదనతో. ఆడవాళ్లను అక్కడ పాడనివ్వని రోజులవి. అక్కడ ఆడవాళ్లు పాడే హక్కు కోసం కూడా ఆమే నిలబడింది. గురువు ఒక్కడే. ఆయన్ని నిలబెట్టినవాళ్లు వరసగా ఎందరో. శిష్యులు, రాసినవాళ్లు, డబ్బు పెట్టినవాళ్లు, హక్కు అడిగినవాళ్లు. హ్యూస్టన్ బడికి దొరకనిది ఈ వరసే.

ఇప్పుడు మన లెక్క.

మన టీచరమ్మ ఇన్నేళ్లు తీసుకున్నది జీతం కాదు. ఆటో ఖర్చులకని మనం కవరులో పెట్టి ఇచ్చే మొత్తం. అది కూడా ఒక్కోసారి రెండు నెలలకొకసారి. ఆమె ఎప్పుడూ నోరెత్తి అడగలేదు. అడగకపోవడాన్ని మనం సేవ అని పిలిచాం. ఇప్పుడు కొత్తవారిని వెతకాలంటే "అలా సేవాభావంతో వచ్చేవాళ్లు ఎవరూ దొరకడం లేదండీ" అంటున్నారు. ఎలా దొరుకుతారు? ఇంటద్దె కట్టుకోవాల్సిన ముప్పై ఏళ్ల సంగీతం టీచరు సేవాభావంతో ఎన్ని ఆదివారాలు వస్తుంది? జాన్సన్ చేసింది మహాసేవే, సందేహం లేదు. కానీ 37 ఏళ్లూ ఆయన జీతం తీసుకున్న ఉద్యోగి. జీతం ఉండబట్టే ఊరూరా తిరిగే బ్యాండ్ల వెంట పోకుండా ఒక్క ఊళ్లో నిలబడగలిగాడు.

డబ్బు లేదా అంటే ఉంది. ఉగాది రాత్రి ఆర్కెస్ట్రాకు, వేదిక అలంకారానికి, ముఖ్య అతిథి రాకపోకలకు మనం పెట్టేది ఎంతో గత మూడేళ్ల జమాఖర్చుల పుస్తకంలో చూడండి. ఆ ఒక్క రాత్రి ఖర్చులో సగంతో ఒక టీచరుకు ఏడాది పొడుగునా నెలనెలా జీతం ఇవ్వచ్చు. ఆర్కెస్ట్రా వద్దనడం లేదు. పండగ పండగలాగే ఉండాలి. కానీ బయటినుంచి వచ్చిన గాయకులు పాడుతుంటే మన పిల్లలు కింద కూర్చుని ఫోనులో వీడియో తీయడం మన సంస్కృతిని కాపాడుకోవడం అనిపించుకుంటుందా? ఆ వేదిక మీద గంటసేపు మన పిల్లలే పాడితే, వచ్చే జనం తగ్గరు. అమ్మమ్మలు, తాతయ్యలు, మేనమామలు అందరూ వస్తారు.

ఇంకొక అభ్యంతరం కూడా విన్నాం. "అందరూ ఆ జాన్సన్‌లా ఉంటారా? మామూలు టీచరును పెట్టి ఏం లాభం?" అని. మా జవాబు: కాష్మియర్‌లో జాన్సన్ తర్వాత మామూలు టీచరే అయినా నిలకడగా ఇరవై ఏళ్లు ఉండి, వెనక ఊరు నిలబడి ఉంటే, 2008లో వేదిక మీద పాతవాళ్ల పక్కన కొత్త పిల్లలు కూడా వాయించి ఉండేవారు. మహానుభావులు అన్ని తరాలకూ దొరకరు. మామూలు మనిషి చేతిలో కూడా ఆగిపోకుండా నడిచే ఏర్పాటు కోసమే కదా సంఘం అనేది పెట్టుకున్నది.

కాబట్టి సమావేశంలో మేము పెట్టబోయే ప్రతిపాదనలు ఇవి. ముందుగానే చెబుతున్నాం, ఆలోచించుకుని రండి.

ఒకటి, పాటల తరగతికి జమాఖర్చుల్లో విడిగా పద్దు ఉండాలి. ఏ పండగకూ దాన్ని కదపకూడదు.

రెండు, కొత్త టీచరుకు నెల జీతం. కవరు కాదు, బ్యాంకు ఖాతాలోకి, నెల మొదటి వారంలోనే.

మూడు, ఇప్పటి టీచరమ్మకు ఓపిక ఉన్నంతవరకు, కనీసం ఆరు నెలలు, కొత్తవారితో కలిసి కూర్చునే ఏర్పాటు. అందుకు ఆమెకు కూడా గౌరవ వేతనం. ఆమెకు వచ్చిన పాటల్ని ఈ ఆరు నెలల్లో రికార్డు చేసుకోవాలి. ఆమె దగ్గర నేర్చుకుని ఇప్పుడు కాలేజీల్లో ఉన్న పిల్లలున్నారు. చిన్నపిల్లలకు చెప్పడానికి వాళ్లను పిలవాలి.

నాలుగు, ఏ పిల్ల మాట్లాడే తెలుగునూ తరగతిలో ఎవరూ వెక్కిరించకూడదు. దీన్ని కూడా నియమంగానే రాసుకుందాం.

సన్మానం సంగతి మర్చిపోలేదు. ఉగాదికి శాలువా కప్పుదాం, జ్ఞాపిక ఇద్దాం, చప్పట్లు కొడదాం. అంతకన్నా ముందు, సమావేశంలో తరగతి పద్దుకు చేతులెత్తుదాం. తన తరగతి వచ్చే ఆదివారం కూడా ఉంటుందని తెలిసి ఆ వేదిక ఎక్కడం ఆమెకు ఇవ్వగల సన్మానం.

కార్యవర్గం పెద్దలు దీన్ని విమర్శగా తీసుకోవద్దని మనవి. ఇందులో తప్పు ఉందనుకుంటే సమావేశంలో అందరి ముందూ చెప్పండి, వింటాం. వీలైతే ఈలోగా ఆ సినిమా చూసి రండి. పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.